ఈ వారం సమస్య: రోము రాణినిఁ గరగించె రూకకొరకు

నిర్వాహకుడు: నాలుగు పాదాల తేటగీతి పద్యంలో చివరి పాదం ఇచ్చాను, అర్థం కుదిరేలా మిగతా మూడూ మీరు పూరించాలి. రాణిని కరిగించడం ఏమిటి, అదీ ఒక రూక (నాణెం) కోసం! ఈ చిక్కు విప్పాలి. ఈసారి ఒక నియమం కూడా ఉంది. పూరణ ఒక పరిశోధక నవలలోని ఘట్టంలా సాగాలి. నేరం కూపీ లాగేది పోలీసు కాకూడదు, నెల్లూరు పెద్దబజారులో పాత సామాన్ల కొట్టు నడిపే పెద్దాయన కావాలి.

సమస్య ఊరికే అల్లింది కాదు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళ గుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోము బంగారు నాణేలు బయటపడ్డాయి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయి ఉంటాయి. ముప్ఫైకి పైగా మాత్రం నవాబు ఇంటివారి చేతికి చేరి బతికాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో రాసిన ఉత్తరం వల్ల మనకీ సంగతి తెలిసింది. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులతో పాటు ఫాస్టినా రాణి నాణేలు కూడా ఉన్నాయని ఆయన రాశాడు. కొన్ని నిన్ననే టంకసాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట. కొన్ని అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయట, అంటే ఎవరో ఒంటిమీద నగలుగా వేసుకున్నవి. ఆ చిల్లుల మాట చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పెన్న ఒడ్డు: నా పూరణ.

దున్నుచుండగ నాగలిఁ దొడరె నిటుక
కుండలోఁ గనఁబడెఁ బైఁడి కూటమొకటి
విలువ నెఱుఁగని రైతన్న విక్రయింప
రోము రాణినిఁ గరగించె రూకకొరకు

నిర్వాహకుడు: అన్నా, గణాలు (అక్షరాల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరాలు) అన్నీ సరిగ్గా ఉన్నాయి. మొదటి పాదం చదవగానే నాగలి టక్కున ఆగిన చప్పుడు వినబడింది. కానీ రైతు అమ్మాడు సరే, కరిగించింది ఎవరు? నాలుగో పాదానికి కర్త లేడు. మూడో పాదం ఇలా మారిస్తే చూడండి:

కొన్న కంసాలి, యక్కటా, కొలిమిలోన

ఇప్పుడు అన్వయం కుదిరింది. మన కొట్టు పెద్దాయన మాత్రం ఇంకా రాలేదు.

ఉదయగిరి: నాది కోట కథ.

ఉదయగిరి కోట ముట్టడి నోర్వలేక
కూడుఁ గరవైన భటుఁడొక్క కుండఁ దీసి
దాఁచి యుంచిన బంగారు తళుకుబొమ్మ
రోము రాణినిఁ గరగించె రూకకొరకు

నిర్వాహకుడు: కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి గెలిచింది 1514లో. ఆ ముట్టడిని ఇక్కడికి తేవడం మంచి ఊహ. ‘రూకకొరకు’ అన్న మాటకు అందరికంటే బలమైన అర్థం మీ పద్యంలోనే వచ్చింది. పాత నాణెం కరిగితే చెల్లుబాటయ్యే కొత్త నాణెం అవుతుంది. అయితే ఆకలితో ఉన్న భటుడికి ముట్టడిలో కొలిమి ఎక్కడిది, తూకం వేసేవాడు ఎక్కడ? ఆ చోట పద్యం నన్ను నమ్మించలేదు.

ఆ కోట నుంచే రాయలు బాలకృష్ణుడి విగ్రహం హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. అది ఉదయగిరిదని హంపి శాసనం చెబుతోంది. ఎక్కడిదో రాసి ఉంది కాబట్టి ఇవాళ మీరు గర్వంగా చెప్పుకుంటున్నారు. మీ భటుడి రాణికి ఆ అదృష్టం లేదు.

గుండ్లకమ్మ: కొట్టు పెద్దాయనను నేను తెచ్చాను.

పాత సామాను కొట్టులోఁ బట్టి చూడ
చెవికిఁ జిల్లున్న నాణెము చెప్పెఁ గథను
మెడను వేలాడు కాసునే మేనమామ
రోము రాణినిఁ గరగించె రూకకొరకు

పెన్న ఒడ్డు: అక్కా, పద్యం బాగుంది కానీ కథలో ఒక లొసుగు. మేనమామ ఆ కాసునే కరిగించేస్తే కొట్టులో పెద్దాయన పట్టి చూసిన నాణెం ఏది?

గుండ్లకమ్మ: నిజమే తమ్ముడూ. నా మనసులో రెండు కాసులున్నాయి, పద్యంలోకి ఒకటే వచ్చింది. ఇలా మార్చాను:

పాత సామాను కొట్టులో బ్రతికె నొకటి
చెవికిఁ జిల్లున్న నాణెము, చెప్పెఁ గథను:
మెడను వేలాడు జంటనే మేనమామ
రోము రాణినిఁ గరగించె రూకకొరకు

నిర్వాహకుడు: ఇది నవలే! ‘బ్రతికె’ అన్న ఒక్క మాట మొత్తం పద్యాన్ని లేపి నిలబెట్టింది. పా–బ్ర యతి చెల్లింది. చిల్లును పట్టుకోవడం సరైన పరిశోధన. పాత సామాన్లు అమ్మేవాడి కన్ను అలాగే పనిచేస్తుంది. చిల్లు అంచులు నునుపుగా అరిగి ఉంటే తాడు చాలా ఏళ్ళు రాసుకున్నట్టు, వాడిగా ఉంటే నిన్న మొన్న పొడిచినట్టు. ఆ కాలపు రోము బంగారు నాణెం ఏడు గ్రాములకు కాస్త పైన తూగుతుంది. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత కనబడుతుంది. కాటా, గీటురాయి, భూతద్దం ఉంటే చాలు, పెద్దాయన సగం కేసు గల్లాపెట్టె దగ్గరే తేల్చేస్తాడు.

పెన్న ఒడ్డు: ఒక సందేహం. పెద్దాయన ఆ నాణేన్ని కొనవచ్చా?

నిర్వాహకుడు: నవల నడిచేది ఆ టెన్షన్ మీదే. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన సొత్తు పది రూపాయలు మించితే దొరికినవాడు కలెక్టరుకు తెలపాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువులతో లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు, సొంతంగా దేశం దాటించకూడదు. కాబట్టి పెద్దాయన కొంటే తానే నేరస్థుడు. కొనకపోతే వస్తువు పక్క కొట్టుకు వెళ్ళి కరిగిపోతుంది. అమ్మవచ్చినవాడిని మాటల్లో పెట్టి, కూర్చోబెట్టి, టీ తెప్పించి కబురు పంపాలి.

గుండ్లకమ్మ: మా చందవరం బౌద్ధ స్తూపం దగ్గర నుంచి దొంగలు ఎత్తుకుపోయిన సున్నపురాతి శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా వెళ్ళింది. 2016లో తిరిగి మన దేశానికి వచ్చింది. రాయి కాబట్టి రూపం మిగిలింది, చందవరానిదని తేలింది. అదే బంగారమైతే ఏమయ్యేదో తలచుకుంటేనే భయం వేస్తుంది.

కందుకూరు (కొత్త సభ్యురాలు): మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

చిన్న కొట్టు నడుపు తాత చేతిలోనఁ
బట్టె భూతద్ద మొకసారి నాణెమందు
కొలిమిపాలయ్యె మిగిలిన కొన్ని, యెవఁడు
రోము రాణినిఁ గరగించె రూకకొరకు?

నిర్వాహకుడు: చెల్లెమ్మా, స్వాగతం. సమస్యను ప్రశ్నగా తిప్పావు. ఇంతమందిలో ఎవరికీ తట్టలేదు, నవల మొదటి పేజీ నీ పద్యమే. ఒక్క దోషముంది. రెండో పాదంలో బ–నా యతి చెల్లదు. ‘నాణెమందు’ తీసి ‘పసిఁడిమీఁద’ అను. బ–ప కలుస్తుంది, గణమూ చెడదు.

కందుకూరు: అలాగే మార్చుకుంటాను అన్నా. భూతద్దంలో తాతకు ముందు ఏం కనబడాలి? రాణి ముఖమా, చిల్లా?

నిర్వాహకుడు: కొంచెం మట్టి కనబడాలి. అక్షరాల సందుల్లో ఇరుక్కున్న మట్టి ఏ చేనిదో అడగాలి. ఆ రాణి ఎవరన్నది పుస్తకాల్లో వెతుక్కోవచ్చు. ఫాస్టినాలు ఇద్దరు, తల్లీ కూతుళ్ళు, ఇద్దరూ రోము చక్రవర్తుల భార్యలే. ఏ చేలో దొరికిందో చెప్పగలిగింది మాత్రం అమ్మవచ్చినవాడొక్కడే. వాడు గుమ్మం దిగాడంటే ఆ సంగతి పోయినట్టే. డేవిడ్సన్ కథలో నన్ను బాధపెట్టేది అదే. ఇటుకలు, గుడి, కుండ అన్నీ ఉన్నాయి, ‘నెల్లూరు దగ్గర’ అన్న మాటా ఉంది. ఆ ఊరి పేరు లేదు. నా పూరణ దానిమీదే:

ఎక్కడ దొరికె నన్న మా టెవ్వఁ డడిగె
కొన్నవాఁడైన నమ్మిన కూలియైన?
ఊరి పేరైన మిగులక యుండ నొకఁడు
రోము రాణినిఁ గరగించె రూకకొరకు

ఉదయగిరి: ఊ–యు యతి చక్కగా పడింది. కానీ ‘ఒకఁడు’ అని వదిలేశారే? పెన్న ఒడ్డు అన్నకు కర్త లేడని చెప్పింది మీరే కదా. కంసాలి అనవచ్చుగా?

నిర్వాహకుడు: అనవచ్చు, గణం కోసం మరో పదమూ దొరుకుతుంది. కానీ ఆ కుండలోని నాణేలు ఎన్ని చేతులు మారాయో, ఏ కొలిమిలో పడ్డాయో డేవిడ్సన్ చెప్పలేదు. అందుకే ‘ఒకఁడు’ అనే ఉంచాను. పూరణలు శుక్రవారం రాత్రి దాకా పంపండి. కందుకూరు చెల్లెలి పద్యం సవరించి అందరికంటే పైన పెడుతున్నాను.