పడమటి కిటికీకి ప్లీటెడ్ బ్లైండ్సా, కర్టెన్లా?

అమలాపురం కోడలు:
కొత్త ఇంటికి పడమటి వైపు రెండు కిటికీలు. ఎదురుగానే కాలవ గట్టు మీద రోడ్డు. వచ్చేపోయేవాళ్లకి హాలంతా కనిపిస్తోంది, సాయంత్రం ఎండ సోఫా దాకా వస్తోంది. షాపువాళ్లు ప్లీటెడ్ బ్లైండ్స్ వేయించుకోమంటున్నారు. అత్తయ్యగారేమో గుడ్డ కర్టెన్లు చాలంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి.

భీమవరం రైతు:
అత్తయ్యగారి మాటే వినండి. ప్లీటెడ్ అంటే విసనకర్రలా మడతలుపడే పాలిస్టర్ గుడ్డ. చుట్టూ చెరువులు, కాలవలు ఉన్న మన చోట వానాకాలంలో ముడిచి వదిలేస్తే మడతల్లో బూజు పడుతుంది. మా ఇంట్లో పడింది. నల్ల చుక్కలు గుడ్డలోకి దిగాక ఎంత తుడిచినా పోలేదు. పోనీ మెషీన్‌లో వేద్దామంటే మడత చెడిపోతుంది. కర్టెన్ అయితే పండక్కి తీసి ఉతికి, ఎండలో ఆరేసుకుంటాం.

కర్టెన్ ఫిట్టర్, పాలకొల్లు:
బూజు సంగతి కాదననండి. రోజూ కాసేపు పూర్తిగా దించి గాలి తగలనిస్తే అంత రాదు. కానీ ఆవిడ అసలు ఇబ్బంది గట్టు రోడ్డు. కర్టెన్ మూస్తే చీకటి, తీస్తే వీధి. ప్లీటెడ్‌లో పైనుంచీ కిందనుంచీ రెండువైపులా కదిలే రకం ఉంది. రోడ్డు, మీ హాలు ఒకే ఎత్తులో ఉంటే కింద సగం కప్పి పైన వెలుతురు రానివ్వచ్చు. గట్టు ఎత్తుగా ఉంటే చూపు పైనుంచి కిందికి పడుతుంది, అప్పుడు పై సగమే కప్పాలి. గట్టు పక్క ఇళ్లకి వెళ్తే నేను ముందు సోఫాలో కూర్చుని రోడ్డు వైపు చూస్తాను, ఆ తర్వాతే టేపు తీస్తాను.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వేలాడే తాడు ఉన్నది వద్దే వద్దు. మెడకి చుట్టుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. చేత్తో పట్టుకుని జరిపే రకం తీసుకోండి.

రాజోలు మాస్టారు:
వేడి సంగతి ఎవరూ మాట్లాడరేం? ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక ఏ గుడ్డ కట్టినా వేడి చాలావరకు గదిలోనే ఉండిపోతుంది. వెనక తెల్లగానో, అల్యూమినియం పూతతోనో ఉన్న గుడ్డ కొంత వెనక్కి కొడుతుంది, ముదురు రంగు అదీ చెయ్యదు. నాలుగింటి ఎండ ఏటవాలుగా వస్తుంది, దాన్ని సన్‌షేడ్ ఆపలేదు. బయట వెదురు తడక కట్టించండి. పైగా మనకి సముద్రం గాలి మళ్లేది మధ్యాహ్నం తర్వాతే. ఆ గాలి కోసం కిటికీ తీస్తే, దించిన బ్లైండ్ గ్రిల్‌కి టపటపా కొట్టుకుంటుంది.

కర్టెన్ ఫిట్టర్, పాలకొల్లు:
అటూ ఇటూ బిగుతుగా తీగలు లాగి కడితే కొట్టుకోదు మాస్టారూ. తడక విషయంలో మాత్రం మీరన్నదే రైటు. అంతర్వేది వైపు ఇళ్లకైతే స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే అడిగి వేయించుకోవాలి. మామూలువి ఉప్పుగాలికి తుప్పుపట్టి గోడ మీద మరక దిగుతుంది.

భీమవరం రైతు:
గుడ్డ కదలకుండా కట్టేస్తే గాలి ఎటునుంచి వస్తుందండీ? ఎప్పుడూ మూసి ఉండే ఏసీ గదికైతే ఒప్పుకుంటాను. హాలుకి ఒప్పుకోను.

కర్టెన్ ఫిట్టర్, పాలకొల్లు:
సగమే కప్పుతాం కదండీ, మిగతా సగంలోంచి వస్తుంది.

అమలాపురం కోడలు:
గట్టు మా కిటికీ కన్నా ఎత్తేనండి. బయట తడక పై సగం దించితే ఎండా ఆగుతుంది, రోడ్డు మీద చూపూ ఆగుతుంది కదా మాస్టారూ? అప్పుడు లోపల కర్టెన్లే సరిపోతాయేమో.

కర్టెన్ ఫిట్టర్, పాలకొల్లు:
పగలు సరిపోతాయమ్మా. రాత్రి లోపల లైటు వేస్తే తడక సందుల్లోంచి అంతా కనిపిస్తుంది. కర్టెన్ పూర్తిగా మూసుకోవడం మీకు ఇష్టమైతే ఇంక ప్లీటెడ్‌కి డబ్బు పెట్టక్కర్లేదు.