స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా డైవింగ్: ఈత రానివారు దిగవచ్చా?

హనుమకొండ వాసి:
సంక్రాంతి సెలవుల్లో నా భార్య, పదకొండేళ్ల కూతురితో కలిసి అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు, అంటే 2018 వరకు హావ్‌లాక్ అని పిలిచిన దీవికి, వెళ్లాలనుకుంటున్నాను. లక్నవరంలో పడవ ఎక్కడం తప్ప నీళ్లతో మాకు పరిచయం లేదు, ముగ్గురిలో ఎవరికీ ఈత రాదు. నేను బీపీ మాత్రలు వాడుతున్నాను. మాలాంటివారు స్కూబా డైవింగ్‌కు, అంటే గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రంలోకి, దిగడం సబబేనా, ఐదు రోజుల ప్రయాణంలో ఆ పని ఏ రోజు పెట్టుకోవాలి? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

కాజీపేట నుంచి:
అన్నా, ఈత రాకపోవడం అడ్డు కాదు. మొదటిసారి దిగేవారిని శిక్షకుడు వెంట ఉండి, 12 మీటర్లకు మించని లోతులోనే తిప్పుతాడు. పదేళ్లు నిండిన పిల్లలకు అనుమతి ఉంటుంది. సర్టిఫికెట్ కోర్సు చేయాలంటే మాత్రం ఈత తప్పనిసరి.

అసలు జాగ్రత్త తేదీల దగ్గరే ఉంది. నీటి అడుగున ఒత్తిడిలో గాలి పీల్చినప్పుడు శరీరంలో ఎక్కువగా కరిగే నైట్రోజన్, పైకి వచ్చాక నెమ్మదిగా బయటకు పోతుంది; అది పూర్తికాకముందే విమానం ఎక్కితే, అక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి రక్తంలో, కీళ్లలో బుడగలు ఏర్పడే ప్రమాదం ఉంది. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు విమానానికి దూరంగా ఉండాలని డైవింగ్ సంస్థలు చెబుతాయి. అందుకే రెండో రోజో మూడో రోజో దిగండి, చివరి రోజును రాధానగర్ తీరానికి వదిలేయండి. పండుగ రోజుల్లో శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) నుంచి దీవికి వెళ్లే ఫెర్రీల్లో సీట్లు త్వరగా నిండుతాయి, విమానం టికెట్లతోపాటే అవీ తీసుకోండి.

కరీంనగర్ నుంచి:
నేను చెవి, ముక్కు, గొంతు విభాగంలో నర్సును. తేదీలకన్నా ముందు ఆరోగ్యం సంగతి తేల్చుకోమని నా మాట. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు అవుతుంది, ఆ మార్పు అందరికంటే ముందు తెలిసేది చెవికి. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదుతూ, నొప్పి మొదలుకాకముందే చెవులను సర్దుకుంటూ దిగాలి. నొప్పి వేస్తే ఆగి సైగ చేయాలే తప్ప పంతానికి పోకూడదు. నీటిలో ఊపిరి బిగబట్టడం అన్నిటికంటే ప్రమాదకరం.

అక్కడ నింపమని ఇచ్చే ఆరోగ్య పత్రంలో మీ బీపీ సంగతి దాచకండి సార్. ఇక్కడే మీ డాక్టరుకు చూపించుకుని, దిగవచ్చని రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. ఆస్తమా, గుండె జబ్బు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారికి ఈ పరీక్ష ఇంకా ముఖ్యం.

మంచిర్యాల నుంచి:
ఒక విన్నపం. పగడపు దిబ్బలను ముట్టుకోవద్దని మీ అమ్మాయికి ముందే చెప్పండి. అవి రాళ్లు కావు, ప్రాణులు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు విస్తారంగా తెల్లబారాయి, కోలుకోవడానికి వాటికి ఏళ్లు పడుతుంది. చచ్చిన ముక్కను ఒడ్డున ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే.

హనుమకొండ వాసి:
అందరికీ ధన్యవాదాలు. ఈ వారమే డాక్టరును కలుస్తాను. పాపకు చలికాలంలో తరచూ జలుబు చేస్తుంది. ఆ రోజు ముక్కు దిబ్బడ ఉంటే మాత్ర వేసి దించవచ్చా అక్కా?

కరీంనగర్ నుంచి:
వద్దండి. మందు ప్రభావం నీటి అడుగున తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి చిక్కుకుంటుంది. ఒంట్లో నలతగా లేకపోతే, ఎలిఫెంట్ బీచ్‌లో లైఫ్ జాకెట్‌తో నీటి పైనుంచే స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ ముఖం నీటిలో పెట్టి చూడటం) చేయించండి, లేదా అద్దపు అడుగున్న పడవలో తీసుకెళ్లండి. చేపలు, పగడాలు అక్కడ తక్కువ లోతులోనే కనిపిస్తాయి.