రౌండ్ల మధ్య ఇంజిన్ చల్లార్చడానికి డ్రమ్ము ఫ్యానా, బ్లోయరా?

క్వార్టర్‌మైలు_డాలస్:
ఎన్నిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌లో వారాంతాల్లో బ్రాకెట్ రేసింగ్ (ఎంత టైములో చేరతామో ముందే రాసిచ్చి, ఇద్దరిద్దరుగా పరిగెత్తే కార్ల పోటీ) చేస్తుంటాను. పాత వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), కార్బురేటరు, దాని కింద ఇంజిన్‌లోకి గాలీ ఇంధనమూ పంపే అల్యూమినియం ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్. మొన్న ఎండ 38 డిగ్రీలు. రెండు రౌండ్లు గెలిచాను. మూడో రౌండుకి వచ్చేసరికి మ్యానిఫోల్డ్ మీద చెయ్యి ఆనలేదు, నేను రాసిచ్చిన టైము కంటే పదో వంతు సెకను ఆలస్యమై ఓడిపోయాను. ఉన్నది 20 అంగుళాల బాక్స్ ఫ్యాను. పెద్ద డ్రమ్ము ఫ్యాను కొనాలా, తివాచీలు ఆరబెట్టే బ్లోయరు కొనాలా?

గాలిమర:
బ్లోయరే కొను తమ్ముడూ. డ్రమ్ము ఫ్యాను మీద ఇంత గాలి వీస్తుందని రాసే లెక్క ఎదురేమీ అడ్డు లేనప్పటిది. రేడియేటరు రెక్కల ముందు పెడితే రెక్కల ఫ్యాను గాలి సగం పక్కలకే పోతుంది. బ్లోయరు ఒత్తిడితో నెడుతుంది, మూతికి గొట్టం తగిలించి కావలసిన చోటికే పంపొచ్చు. ఇంకో మాట, 32 కార్లతో మొదలైతే రౌండు రౌండుకీ సగమైపోతాయి, విరామమూ తగ్గిపోతుంది. ఫ్యాను ఎంచుకునేటప్పుడు మొదటి రౌండు తర్వాతి తీరిక చూడకు, ఫైనల్ ముందు దొరికే నిమిషాలు చూడు.

వట్టివేళ్ల_తడక:
అన్నా, ఏ ఫ్యానైనా వీచేది ఆ 38 డిగ్రీల గాలే కదా. మ్యానిఫోల్డ్ 88లో ఉన్నప్పుడు తేడా 50 డిగ్రీలు, గబగబా చల్లారుతుంది. 48కి వచ్చాక తేడా పదే, వేగం ఐదో వంతుకి పడిపోతుంది. అక్కడ తడి కావాలి. పది కిలోల అల్యూమినియాన్ని 80 నుంచి 40కి దించాలంటే తీయాల్సిన వేడి సుమారు 360 కిలోజౌళ్లు, 150 గ్రాముల నీరు ఆవిరైతే ఆ లెక్క తీరుతుంది. ఒక తడిగుడ్డ, ఉన్న బాక్స్ ఫ్యాను చాలు. మన ఊళ్లో కూలరు చేసేది ఇదే. స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మీద మాత్రం తడి పడనివ్వకండి, గుడ్డ తీశాక పొడిగా తుడవండి. కారు కింద నీళ్లు కారితే ట్రాక్ మీద ప్రమాదం.

గాలిమర:
లెక్క బాగుంది, కానీ మ్యానిఫోల్డ్ గాల్లో వేలాడట్లేదు కదా! కింద ఇంజిన్ హెడ్లు, బ్లాకు కాలుతూ ఉన్నాయి. పైన ఎంత తుడిచినా అందులోంచి వేడి మళ్లీ ఎక్కుతుంది.

రెండో_గేరు:
ఆ మాటతోనే నా వాదన మొదలవుతుంది. ముందు ఎలక్ట్రిక్ వాటర్ పంపు పెట్టండి. ఇంజిన్ ఆపేశాక కూడా నీళ్లు తిరుగుతాయి, అసలు వేడి బ్లాకులోంచి రేడియేటరుకి వస్తుంది. బ్లోయరు అప్పుడు రేడియేటరుకి పెడితే దాని డబ్బు దక్కుతుంది. నీళ్లు తిరగకుండా బయట ఎంత గాలి కొట్టినా చర్మం చల్లబడుతుంది, లోపల మండుతూనే ఉంటుంది. పంపు బ్యాటరీ తాగేస్తుంది కాబట్టి రౌండ్ల మధ్య కారు ఆపుకునే పిట్‌లో ఛార్జరు తప్పదు. మీ జనరేటరు ఎంత? మోటారు స్టార్టయ్యేటప్పుడు నడిచేదానికి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ముందు బ్లోయరు ఆన్ చేసి తర్వాత ఛార్జరు తగిలించండి.

క్వార్టర్‌మైలు_డాలస్:
జనరేటరు 2,000 వాట్లు. పంపు ఇంజిన్ బెల్టుదే, మార్చాలంటే ఈ సీజనులో కుదరదు.

రెండో_గేరు:
అయితే ఈ సీజనుకి బ్లోయరు తీసుకోండి, తడిగుడ్డ కూడా వాడండి. ఒక్కటి మాత్రం వదలొద్దు: ప్రతి రౌండుకీ ఒకే వేడి దగ్గర లైనుకి రండి. బ్రాకెట్‌లో 40కి దించి ఒకసారి, 65తో ఒకసారి వెళితే రెండుసార్లూ వేరే వేరే టైము వస్తుంది. రాసిచ్చినదాని కంటే ముందు చేరినా ఓటమే. చివరి రౌండుకి ఎంతకి దించగలరో అదే మీ అంకె, మొదటి రౌండులో తీరిక ఉన్నా అంతకంటే దించకండి.

వట్టివేళ్ల_తడక:
దీనికి ఒప్పుకుంటాను. బ్లోయరుకి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఆ డబ్బు పంపుకి దాచుకోండి.