ప్రెప్ మాత్రలకి హెల్త్ ఇన్సూరెన్స్ ఎందుకు వర్తించదు?

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. మా ఆయనకి ఈమధ్యే హెచ్‌ఐవీ అని తెలిసింది, ఏఆర్‌టీ సెంటర్లో వైరస్‌ని అదుపులో ఉంచే మందులు మొదలుపెట్టారు, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్, పూర్తిగా తగ్గేదాకా నన్ను ప్రెప్, అంటే నాకు సోకకుండా ముందే వేసుకునే మందు, వేసుకోమన్నారు డాక్టర్, అదే టెనోఫోవిర్ ఎమ్‌ట్రిసిటబిన్ కలిసిన మాత్ర, రోజుకొకటి. దానికి తోడు కిడ్నీ టెస్ట్, మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ టెస్ట్. కంపెనీ పాలసీలో క్లెయిమ్ పెడితే మీకు జబ్బే లేదు కదా అని రిజెక్ట్ చేశారు. జబ్బు రాకూడదనే కదండీ వేసుకునేది! దీన్ని కవర్ చెయ్యాలని రూలేం లేదా?

పాలసీ_మావయ్య:
లేదమ్మా. మన పాలసీలు ఎక్కువగా హాస్పిటల్లో అడ్మిట్ అయితేనే పనికొస్తాయి, బయట కొనుక్కునే మందులకి ఓపీడీ కవర్ విడిగా ఉండాలి, అందులో కూడా ప్రెప్ ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడుగు. 2017 హెచ్‌ఐవీ చట్టం ఇన్సూరెన్స్‌లో వివక్ష చూపొద్దంటుంది గానీ నివారణ మందుకి డబ్బు కట్టమని కంపెనీలకి చెప్పదు.

ఫార్మా_పిల్ల:
అమెరికాలో ఉంది అక్కా. 2019లో అక్కడి నిపుణుల ప్యానెల్ ప్రెప్‌కి 'A' గ్రేడ్, అంటే గట్టి సిఫార్సు, ఇచ్చింది, ఆ గ్రేడ్ వస్తే చాలావరకు ప్రైవేట్ ఇన్సూరెన్సులు పేషెంట్ దగ్గర పైసా తీసుకోకుండా ఇవ్వాల్సిందే. దాని మీద టెక్సాస్‌లో కొందరు కోర్టుకెళ్తే 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ పద్ధతినే నిలబెట్టింది. నాకు బాధేంటంటే ఈ మందుల జెనరిక్స్ తయారయ్యేది మన ఊళ్ళోనే. ప్రెప్‌గానే ఆర్నెల్లకోసారి వేసే లెనాకపవిర్ ఇంజెక్షన్ ఉంది చూడండి, అమెరికాలో ఏడాదికి 28,000 డాలర్ల పైనే, దాని జెనరిక్‌ని పేద దేశాలకి 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని ఒప్పుకున్నవాళ్ళు హెటెరో, డాక్టర్ రెడ్డీస్.

ఉప్పల్_రవ్వ:
తప్పుగా అనుకోకండ్రి, మా ప్రీమియం ఇప్పటికే పెరుగుతనే ఉంది, గిదీ కలిపితే ఇంకా పెరుగదా? జాగ్రత్తగ ఉంటే సరిపోతది కదా.

ఫార్మా_పిల్ల:
ఆమె జాగ్రత్తగా ఉండటమంటే ఇదే అన్నా, రోజూ సరిగ్గా వేసుకుంటే సెక్స్ ద్వారా సోకే ప్రమాదం దాదాపు 99 శాతం తగ్గుతుంది. పోనీ రేపు సోకితే ఖర్చెవరిది? ఏఆర్‌టీ జీవితాంతం సర్కారే ఫ్రీగా ఇస్తుంది, అంటే జబ్బు సోకకుండా ఆపినందుకు ఇన్సూరెన్స్ వాళ్ళకి మిగిలేదేం లేదు, అందుకే వాళ్ళంతట వాళ్ళు ఎప్పటికీ ఇవ్వరు, చట్టమే చెప్పాలి. మానసిక జబ్బులకి కూడా 2017లో చట్టం వచ్చాకే కదా పాలసీల్లో పెట్టింది.

ఉప్పల్_రవ్వ:
సర్కార్ మీద పడుతదన్న సంగతి ఆలోచించలే. గట్లయితే పెట్టాల్సిందే.

పాలసీ_మావయ్య:
గ్రూప్ పాలసీ రెన్యూవల్ టైంలో కంపెనీ అడిగితే కవర్లు కలుపుతారు తల్లీ, ఇప్పటినుంచే హెచ్‌ఆర్‌ని అడుగు. ఈలోపు మందు మాత్రం ఆపకు.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:
ఆపనండీ, ప్రస్తుతానికి జీతంలోంచే కొంటున్నా. కానీ హెచ్‌ఆర్‌ని అడిగితే మా ఆయన సంగతి ఆఫీసంతా తెలుస్తుందేమోనని భయం. పేరు చెప్పకుండా అడిగే దారి ఎవరికైనా తెలుసా?