నర్సింగ్ స్టూడెంట్లకు భావోద్వేగాలను సంభాళించుకోవడం ఎలా నేర్పాలి?

నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. మూడో ఏడాది పిల్లలను వార్డు పోస్టింగులకు తీసుకెళ్తుంటాను. ఇంజక్షన్లు, ఐవీ లైన్లు, చార్టింగ్ బాగానే పట్టుకుంటున్నారు. ఇబ్బందల్లా మనుషులతో మాట్లాడాల్సి వచ్చినప్పుడే.

మొన్న మెడికల్ వార్డులో ఒక పెద్దాయన కొడుకు "పొద్దున్నుంచి అడుగుతున్నా ఒక్కరూ పలకరేంటమ్మా?" అని గట్టిగా అరిచాడు. బీపీ చూస్తున్న మా స్టూడెంట్ బల్బు నొక్కడం ఆపేసి, తల వంచుకుని, "డాక్టర్ గారిని అడగండి" అనేసి పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోయింది. బీపీ కఫ్ పెద్దాయన చేతికే ఉండిపోయింది. ఆ కొడుకు కోపం వెనక ఉన్నది భయం. అది గుర్తుపట్టడం, ఈలోగా తన గుండెదడను తాను అదుపు చేసుకోవడం, ఈ రెండూ నేర్పవచ్చనే నా నమ్మకం.

ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి ఎట్‌కామ్ మాడ్యూల్ (వైఖరి, నైతికత, పేషెంట్లతో మాట్లాడే తీరు నేర్పే పాఠాలు) ఉంది. చెడు వార్త చెప్పడానికి ఆరు మెట్ల స్పైక్స్ పద్ధతీ ఉంది. క్లాసులో చెబితే శ్రద్ధగా రాసుకుంటారు. రోల్ ప్లే పెడితే మాత్రం నవ్వులాటైపోతోంది.

నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. పేషెంటు పాత్రకు బయటివాళ్లను పెట్టి చూశారా? డ్యూటీ అయ్యాక పిల్లలను కూర్చోబెట్టి ఆ రోజు ఏమనిపించిందో మాట్లాడిస్తే ఫలితం కనిపించిందా? ఓస్కీలో (ఒక్కో స్టేషన్ దగ్గర ఒక్కో పని చేయించి మార్కులు వేసే ప్రాక్టికల్ పరీక్షలో) దీనికి మార్కులు వేయాలా, వేస్తే నటన మొదలవుతుందా? మన వార్డుల్లో, మన యాసల్లో జరిగే సన్నివేశాలు మీరు రాసి పెట్టుకున్నవి ఉంటే దయచేసి పంచుకోండి. ఇంగ్లీషు పుస్తకాల్లోని డైలాగులు ఇక్కడ అతకడం లేదు.