ఈ వారం సమస్య: ఎనిమి దలిగి పోవ నెల్ల నొకటె

అడయార్ అడ్మిన్: 12345679 ని తొమ్మిదితో గుణించి చూడండి, 111111111 వస్తుంది. వరుసలో ఎనిమిది లేదు గమనించారా, ఈ పాదం అక్కడ పుట్టిందే. లెక్కతోనే పూరించాలని రూలేం లేదు, కానివ్వండి.

మాంబళం మామ్మ: నాకు లెక్కలెందుకు నాయనా, కృష్ణుడున్నాడుగా.

సత్య మొదలు సతులు సాధించి యలుగంగ
మురళి యొకటె మిగిలె మోహనునకు
వెన్న యేల పట్టు వస్త్రంబు లేలరా
ఎనిమి దలిగి పోవ నెల్ల నొకటె

మైలాపూర్ మాస్టారు: అష్టమహిషుల్ని దింపడం బావుంది గానీ మామ్మగారూ, మూడో పాదంలో వె-వ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ పొత్తు, ఎలా చెల్లుతుందండీ? నాది చూడండి.

ఒకటి మొదలు తొమ్మి దొక్క వరుసఁ బేర్చి
తొమ్మి దింత లుగను దూచి చూడ
వింత గాదె లెక్క విడ్డూర మిదియేమొ
ఎనిమి దలిగి పోవ నెల్ల నొకటె

అడయార్ అడ్మిన్: మామ్మగారూ, "పట్టు విరిసెజ్జ యేలరా" అనేయండి, యతి కూర్చుంటుంది, పైగా వస్త్రాల కన్నా విరహానికి అదే మేలు. మాస్టారూ, యతులన్నీ శుభ్రం, కానీ వింత అన్నాక మళ్ళీ విడ్డూరం ఏంటండీ, ఆ పాదం మొత్తం గణాలు నింపడానికే వచ్చినట్టుంది.

వేళచ్చేరి కుర్రాడు: అసలు ఎనిమిది ఎందుకు పోవాలో మాస్టారి పద్యంలో ఎక్కడా లేదు, దాన్ని ఉంచి 123456789 ని తొమ్మిదితో గుణిస్తే 1111111101, చివర్లో సున్నా దూరిపోతుంది కదా, అదీ పాయింటు.

ఉన్న సున్న దూరు నొంటి బారు నడుమ
లెక్క తప్పు నతడు లేవకున్న
తొమ్మి దెదురు వచ్చి దొమ్మి జేసిన వేళ
ఎనిమి దలిగి పోవ నెల్ల నొకటె

మాంబళం మామ్మ: దొమ్మి! అబ్బ, ఆ మాట ఎంత బాగా పడిందిరా అబ్బాయ్.

మైలాపూర్ మాస్టారు: వేళ తర్వాత ఎనిమిది, విసంధి, రెండచ్చులూ కలవకుండా విడిగా ఉండిపోయాయి. ఇంకో సంగతి, ఎనిమిది అలగనూ లేదు పోనూ లేదు. ఒకటిని 81తో భాగించండి, 0.012345679012345679 అని తిరుగుతూ ఉంటుంది. అక్కడ నిజానికి 7, 8, 9, 10 అనే వస్తున్నాయి, పదిలోని ఒకటి ఎడం పక్కకి జరిగి తొమ్మిదిని పది చేస్తుంది, దాంట్లో ఒకటి మళ్ళీ జరిగి ఎనిమిది మీద పడుతుంది, అంచేత మనకి కనపడే తొమ్మిది ప్రమోషనొచ్చిన ఎనిమిదే, అసలు తొమ్మిది సున్నా అయి కూర్చుంది.

వేళచ్చేరి కుర్రాడు: ఇంత మంచి విషయం దగ్గర పెట్టుకుని "విడ్డూర మిదియేమొ" రాశారా మాస్టారూ? విసంధి అంటారా, మీ "ఏమొ" తర్వాత ఉన్నదీ ఎనిమిదేగా.

మైలాపూర్ మాస్టారు: రామానుజన్ టాక్సీ నంబరు మీద, అదే రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అంకె మీద, పద్యం రాసి 1729 ని 1792 చేసినవాళ్ళు చెప్తే వినాలి మరి.

వేళచ్చేరి కుర్రాడు: అది టైపింగ్ మిస్టేకండీ! పన్నెండు ఘనం, ఒకటి ఘనం అని కింది పాదంలోనే ఉంది, కలుపుకోవచ్చుగా.

మాంబళం మామ్మ: పది ఘనం, తొమ్మిది ఘనం అని నువ్వు రాసిన పాదంలో ఒక లఘువు ఎక్కువైందిరా, అప్పుడే చెబ్దామనుకున్నా.

అడయార్ అడ్మిన్: టాక్సీ గొడవ పాత సమస్య కింద పెట్టుకోండి బాబూ. 12345679 అంటే 37 ఇంటూ 333667, దీన్ని పద్యంలో ఇరికించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?