అప్‌డేట్: ట్యాబ్‌కి స్క్రీన్ గార్డ్ వేయించాం, మ్యాట్ ఫిల్మ్ మాత్రం వద్దనుకున్నాం

మా పాప పాఠాలు వినడానికి, పెన్‌తో నోట్స్ రాసుకోవడానికి కొన్న ట్యాబ్‌కి గార్డ్ అవసరమా అని అడిగాను కదా, చివరికి ఒంగోలు ట్రంక్ రోడ్డులో మామూలు టెంపర్డ్ గ్లాసే వేయించాం.

స్క్రీన్ గాజే గట్టిది, అనవసరం అని కొందరన్నారు. వేరే ఊరైతే నేనూ ఒప్పుకునేదాన్నేమో గానీ మాది చీమకుర్తి, గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఇల్లు, పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి మళ్లీ దుమ్ము. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజానిది 7, మామూలు గాజుది 5.5 చుట్టుపక్కల, గీతలు పడేది అందుకే. ప్యాకెట్ మీద 9హెచ్ అని రాస్తారు చూడండి, అది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్ష కొలత, ఇసుకను తట్టుకుంటుందని కాదు. అంటే గార్డ్ మీదా గీతలు పడతాయి. పడనీండి, మార్చేది దాన్నే కదా.

మెరుపు లేకుండా కాస్త గరుకుగా ఉండే మ్యాట్ ఫిల్మ్ మీద పాప షాపులోనే రాసి చూసింది. చేతికి బాగుందంది, కానీ చిన్న అక్షరాలు మసకగా కనిపించాయి, పైగా ఆ గరుకుకి పెన్ మొన తొందరగా అరుగుతుంది.

అతికించేటప్పుడు ఫ్యాన్ ఆపించండి, దయచేసి. ఒక్క రేణువు ఇరుక్కున్నా అక్కడ బుడగ ఉండిపోతుంది. గార్డ్ వేయించాక మాకు స్క్రీన్ అంచుల దగ్గర కూడా పెన్ బాగానే పనిచేస్తోంది.